దిష్టిబొమ్మ వెనక గోడ

కొత్తగ ఇంజనీరింగు చదివిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తరు. "పెద్దనాయినా, మా బిల్డింగు గోడ కురుస్తుంది, ఏం చేసినా ఆగుతలేదు" అని మొరపెట్టుకుంటరు. ఏ మందు పూసిన్రో, ఏ పట్టీ అంటించిన్రో ఫోన్ల ఫోటోలు చూపిస్తరు. నేను అవేం చూడ. ఒక్క ముచ్చట అడుగుత. "ఆ గోడ మీద మీరందరు మొహమాటపడి ముట్టకుండ వదిలేసిన జాగ ఏదన్న ఉన్నదా?" అని. వాళ్ళు నా మొఖం చూసి, ముసలాయనకు చాదస్తం ముదిరిందని లోపల్లోపల అనుకుని, చాయ్ తాగి పోతరు. పోనియ్యి. ఎందుకు అడుగుతనో ఈడ చెప్త. ఓపిక ఉన్నోళ్ళు చదువుతరు.

నేను పుట్టింది సదాశివపేటల ఒక దుకాణం ఇంట్ల. మా తాత, మా నాయిన, మా కాకలు, అందరు మిర్చి, చింతపండు, పప్పుల బ్యారం చేసినోళ్ళు. నేనొక్కన్నే డిప్లొమా చదివి, పటాన్‌చెరు దిక్కు కొత్తగ లేస్తున్న కార్ఖానాల కట్టుబడి పనుల సూపర్‌వైజర్‌గ చేరిన. డెబ్బైల మొదట్ల సంగతి ఇది. "గల్లపెట్టె ముంగట నీడపట్టున కూసోవల్సినోడు సున్నం గుంత ముంగట ఎండకు నిలబడ్డడు" అని మా నాయిన దుకాణానికి వచ్చినోళ్ళందరికీ చెప్పి నవ్వేటోడు. ఆయన నవ్వినా నాకేం అనిపించకపోయేది. గోడ లేస్తుంటే చూసుడుల ఒక సుఖముంది, అది అమ్ముకునేటోళ్ళకు తెల్వది.

ఆ రోజుల్ల ఒక పెద్ద కార్ఖానా వాళ్ళు కార్మికుల కోసం దవాఖాన కట్టిస్తున్నరు. మూడంతస్తులది, పడమటి మొఖం. పట్నం నుంచి వచ్చిన, ప్లాను గీసిన నక్షా సాబ్ ఒకాయన, "బిల్డింగు మొఖం నున్నగ ఉండాలె, కిటికీల మీద సజ్జలు గిజ్జలు వద్దు" అన్నడు. సజ్జ లేని కిటికీ అంటే గొడుగు లేని మనిషి. రుద్రారం దిక్కు మబ్బు పట్టిందంటే ఆ వాన సీదా వచ్చి మా గోడ మొఖాన్నే కొడ్తది. గని నక్షా సాబ్‌కు చెప్పేదెవరు? సరే సార్ అన్నం, కట్టుకుంట పోయినం.

ఆ పనిల ఇద్దరు మనుషులుండిరి. గోడ పని చేయించే మేస్త్రి గోదావరి దిక్కు నుంచి వచ్చినాయన. మా దిక్కు సుతారి పని అంటం, ఆయన తాపీ పని అనేటోడు. ఏం అడిగినా ముందు "ఆయ్" అని మొదలుపెట్టేటోడు. ఆయన భార్య కూడ మా దగ్గరనే ఇసుక, సిమెంటు మాలు కలిపే పని చేసేది. ఇంకొకాయన కిటికీలు బిగించే సాయిబు, సంగారెడ్డి నుంచి రోజూ బస్సుల వచ్చేటోడు. అందరం ఉస్తాద్ అనేటోళ్ళం. ఇనుప చట్రం గోడల నిలబెట్టి, ఒక కన్ను మూసి చూసి, "బస్, ఖడా హోగయా" అన్నడంటే ఇగ దానికి తూకం దారం పట్టి చూసే పని లేకుండె.

వాళ్ళిద్దరికీ ఎట్ల కుదిరిందో నాకు ఇప్పటికీ తెల్వది. ఒకరి తెలుగు ఇంకొకరికి సగమే తెలుస్తది. ఆయన "ఏంటండీ" అంటే ఈయన "ఏంది భాయ్" అంటడు. కాని మధ్యాహ్నం కాంగనే ఇద్దరు ఒక్క తాననే చేరేటోళ్ళు. మేస్త్రి డబ్బల అన్నం, గోంగూర పచ్చడి. ఉస్తాద్ డబ్బల జొన్నరొట్టె, ఖట్టీ దాల్. ఉస్తాద్ ఇంట్ల పండుగకు ఏం వండుకున్నా సరే, నీసు ముట్టని మేస్త్రితోని తినే డబ్బల మాత్రం పప్పే వచ్చేది. "మీ ఆవిడ మీకు ఉపవాసాలు గట్టిగానే పెడుతుందయ్యా" అని మేస్త్రి ఎక్కిరిస్తుండె. ఆ పప్పు ఎవరి కోసం వస్తదో ఆయనకు తెల్వక కాదు.

మీది అంతస్తు గోడ లేస్తున్నప్పుడు పరంజా కట్టె జారి మేస్త్రి కింద పడ్డడు. ఇసుక కుప్ప మీద పడబట్టి పానం దక్కింది గని కుడి మోకాలు పోయింది. ఉస్తాద్ ఆయనను భుజానేసుకుని లారీ దాక ఉరికిండు. కట్టు విప్పినంక మేస్త్రి మళ్ళ పనికి వచ్చిండు, కాలు ఈడ్చుకుంట. పరంజా ఎక్కుడు ఇగ బంద్. కింద నిలబడి మనుషులతోని చేయించుడే. మా కంట్రాక్టరు పాత మనిషి గనుక ఉంచుకున్నడు. ఇంకో సైటుకు పోతే కుంటి మేస్త్రిని గేటు లోపలికి కూడ రానియ్యరు. ఈ సంగతి ఆయనకు ఎరుకే, మాకందరికీ ఎరుకే. ఎవ్వరం నోటితోని అనకపోయేది.

ఆయన పడ్డంక ఆయన భార్య ఒక దిష్టిబొమ్మ చేసింది. గడ్డి కూరి, కుండ తలకాయకు సున్నం బొట్లు పెట్టి, బొగ్గుతోని కోరమీసాలు దిద్ది, మేస్త్రి పడ్డనాడు తొడుక్కున్న అంగీనే దానికి తొడిగింది. "ఆస్పత్రి తెరిచే రోజు గుమ్మడికాయ కొట్టేదాకా ఇది కిందకి దిగకూడదండి, మొక్కుకున్నాను" అని నాకు చెప్పింది. మీది అంతస్తుల ఒక కిటికీ మూలకు పైన గోడల ఇనుప సలాక కొట్టి దానికి బొమ్మను వేలాడదీసిన్రు. జారి పడొద్దని సలాక బయటి కొసను జెర మీదికి లేపి కొట్టిన్రు. ఈ ఒక్కటి యాది పెట్టుకోండి, మిగతాది నేను చెప్త.

బొమ్మ గాలికి ఊగుతుంటే కింద రోడ్డు మీద బస్సులల్ల పోయేటోళ్ళు కూడ తొంగి చూసేటోళ్ళు. మెల్లమెల్లగ దవాఖాన ఒక రూపుకు వచ్చింది. లోపలి గోడలకు సున్నం పడ్డది. నడిమి అంతస్తుల పడమటి గది ప్రసూతికని అనుకున్నరు. సల్లగ ఉంటదని మేస్త్రి, ఉస్తాద్ ఆ గదిలనే గోడకు వీపులు ఆనిచ్చి కూసుని తినేటోళ్ళు. నేను మొదట్ల దూరంగ కూసుని మా అమ్మ కట్టిన పులిహోర తినేటోన్ని. "శెట్టిగారబ్బాయి మడి కట్టుకున్నారండోయ్" అని మేస్త్రి నవ్వితే సిగ్గేసి, నేను కూడ ఆ గోడకే జరిగిన. తిని లేస్తే ముగ్గురి అంగీల వీపులకు సున్నం పొడి. వాళ్ళిద్దరు ఒకరి వీపు ఒకరు దులుపుకుని పనికి పోయేటోళ్ళు. నా వీపు నేను దులుపుకోలేక అట్లనే తిరిగేటోన్ని.

ఆ ఏడు వాన మొదలయ్యింది. తెల్లారి పోయి చూస్తే ప్రసూతి గదిల కిటికీ మీద, కప్పు కింద, గోడంత తడి మచ్చ. సున్నం ఉబ్బి పొరలు పొరలుగ రాలుతున్నది. నేల మీద నీళ్ళు నిలిచి ఉన్నయ్. దవాఖాన తెరిచేందుకు పెద్దసార్లు వస్తరని అప్పటికే చాటింపైంది.

ఇంజనీరు సాబ్ వచ్చిండు. మంచోడే, గని కోపం ముక్కు మీద ఉంటది. గోడ మీద చెయ్యి పెట్టి, తడిసిన చెయ్యిని మా మొఖాల ముంగట ఊపిండు. "ఎవరిది ఇది?" అన్నడు.

"గోడది కాదండీ, నా గోడ రాయి. కిటికీలోంచి వస్తుంది" అన్నడు మేస్త్రి.

"నా కిటికీ ఖిల్లా దర్వాజ సాబ్. చీమ గూడ దూరది. గోడలకెంచే వస్తుంది" అన్నడు ఉస్తాద్.

ఈ పని తెల్వనోళ్ళ కోసం చెప్త. కిటికీ చట్రానికీ గోడకూ నడుమ ఏలు పట్టేంత సందు ఉంటది. ఆ సందుల మాలు కూరి పైన నున్నగ పూసేది మేస్త్రి. అది ఎండినంక చట్రం చుట్టూ లప్పం ముద్ద పెట్టి మూసేది కిటికీలాయన. ఒకరి పని ఒడిసిన కాన్నే ఇంకొకరి పని మొదలైతది. నీళ్ళు దూరేది అసుంటి జాగలనే. దూరినంక ఊకోవు, గోడ లోపల్నే తొవ్వ చూసుకుని, ఏడనో దూరి ఇంకేడనో బయట పడ్తయ్. అందుకే ఎవరికి వారు "నాది కాదు" అంటరు, ఇద్దరు చెప్పేది నిజమే అనిపిస్తది.

ఇంజనీరు సాబ్ రబ్బరు పైపు తెప్పించి టెర్రస్ మీదికెంచి గోడంత తడిపించిండు. పనోళ్ళు పొద్దుగూకే దాక నీళ్ళు కొట్టిన్రు. ఒక్క సుక్క లోపలికి రాలే. ఇద్దరి మొఖాలు తేటగైనయ్. మూడోనాడు మళ్ళ వాన పడ్డది. గది మళ్ళ నిండింది.

"పైపు నీళ్ళకు కురవదు, వాన నీళ్ళకే కురుస్తదా? ఏం గోడయ్యా ఇది, దీనికి రుచులు కూడ తెలుసా?" అని ఇంజనీరు సాబ్ అరిసిండు.

అసుంటప్పుడు మనుషులు కరుకైన మాటలు అనుకుంటరు. మేస్త్రి అన్నడు, "కొలిమిలో అతుకులేసిన కిటికీలండీ అవి, ఎన్నని మూస్తాం?" ఉస్తాద్‌కు రోషం పొడుసుకొచ్చింది. "కాలు వంకరున్నోని గోడ సీదా ఎట్లుంటది?" అన్నడు.

అన్నంక ఆయన మొఖమే ముందు నల్లబడ్డది. మేస్త్రి కాలు ఈడ్చుకుంట మెట్లు దిగి పోయిండు. మాలు కలిపే తాన ఆయన భార్య పార పట్టుకుని అట్లనే నిలబడ్డది. ఆమెకు వినబడ్డదని మాకు తెలిసింది. నాకు ఉస్తాద్‌ను గల్ల పట్టుకోవాలనిపించింది. ఆయనను చూస్తే ఆయనే తన గల్ల పట్టుకునేటట్టున్నడు.

ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మేస్త్రి సిమెంటు షెడ్డు వెనకకు పోయి ఒక్కడే తినేటోడు. ఉస్తాద్ డబ్బ తెరవకుండనే మళ్ళ సంచిల పెట్టుకుని బస్సెక్కేటోడు. ఆ గోడ దగ్గర నేనొక్కన్నే. ఉప్పు లేని కూర తిన్నట్టుండె నాకు, అబద్ధమెందుకు.

ఇంజనీరు సాబ్ నన్ను పిలిచి కడాఖండిగ చెప్పిండు. "తెరిచే రోజు దగ్గరికొచ్చింది. ఎవరి తప్పో తేల్చి పేరియ్యి. వాన్ని పనిల నుంచి తీసేసినమని మీదోళ్ళకు చెప్పాలె. తేలకపోతే గోడ ఎవరిదో వాడే పోవాలె." గోడ మేస్త్రిది. అంటే తేలకుంటే పోయేది మేస్త్రే. పోతే ఆ కాలుతోని ఇగ ఏడికి పోతడు?

ఆ సాయంత్రం పనోళ్ళు చేతులు కడుక్కుంటుంటే ఉస్తాద్ నా దగ్గరికి వచ్చిండు. టోపీ తీసి చేతుల పట్టుకున్నడు.

"సాబ్, నా పేరు చెప్పుండ్రి."

"ఏం పేరు?"

"కిటికీ మంచిగ లేదని చెప్పుండ్రి. నేను పోత. నాకేంది, ఏ ఊర్ల గోడకైనా కిటికీ ఉంటది. గాయనకు పని ఎవరిస్తరు?"

"అయితే నీ కిటికీల తప్పున్నదా?"

"ఖుదా కసం, లేదు."

"మరి నాతోని అబద్ధం చెప్పిస్తవా?"

"గా కాలు మాట నోట్లకెంచి పోయింది సాబ్. దాన్ని వాపస్ తీసుకునే తరీకా నాకు గిదొక్కటే తెలుసు" అన్నడు.

నాకు కండ్లల్ల నీళ్ళు వచ్చినయ్. వచ్చినందుకు కోపం కూడ వచ్చింది. "పోవయ్య పో, నీ త్యాగాలు ఇంటికాడ చేసుకో. రేపు పొద్దుగాల్ల నువ్వే పైపు పట్టాలె" అని ఎల్లగొట్టిన. ఇంజనీరు సాబ్ కాడికి పోయి ఇంకొక్క దినం బతిమాలిన. ఆయన మొఖం గంటు పెట్టుకుని "ఒక్కటే" అన్నడు.

మొదటిసారి మేం చేసింది గుడ్డి పని. అంత గోడను ఒక్కపారే తడిపితే ఏడ దూరిందో ఏం తెలుస్తది? ఈసారి కిందికెంచి మీదికి పోదామనుకున్న. ఒక్కొక్క కిటికీ, దాని చుట్టూ గోడ, నిదానంగ తడపాలె. లోపల కనపడే దాక ఆగాలె. అప్పుడు పక్క దానికి పోవాలె. టెర్రస్ మీదికెంచి తాళ్ళతోని ఒక పలక దించినం. దాని మీద పైపు పట్టుకుని ఉస్తాద్ కూసున్నడు. లోపల మచ్చ ముంగట మేస్త్రి స్టూలేసుకుని కూసున్నడు. నేను ఇద్దరి నడుమ కిటికీల నిలబడ్డ. ఎందుకంటే వాళ్ళు ఒకరితోని ఒకరు మాట్లాడరు కద, నేనే తపాలా బంట్రోతును.

"ఇంకా రాలేదని చెప్పండి ఆయనకి" అంటడు మేస్త్రి.

"రాలేదంట" అంట నేను బయటికి తల పెట్టి.

"జరగమంటరా అడుగుండ్రి గాయనను" అంటడు ఉస్తాద్.

"జరగమంటవా?" అంట లోపలికి తిరిగి.

"ఆయ్, జరగమనండి."

కింది వరస అయ్యింది. నడిమి వరస అయ్యింది. సుక్క లేదు. నా మెడ పట్టేసింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. ఇంజనీరు సాబ్ ఒకసారి వచ్చి చూసి, ఏమనకుండ పోయిండు. అట్ల పోయినప్పుడే నాకు భయమైంది.

పలకను మీది వరసకు గుంజినం. నేను కూడ మీది అంతస్తు కిటికీలకు పోయిన. కింద గదిల ఉన్న మేస్త్రికి వినబడాలని గొంతు చించుకుంటున్న. ఉస్తాద్ కిటికీ అడుగు తడిపిండు, పక్కలు తడిపిండు, మీదికి వచ్చిండు. దిష్టిబొమ్మ దాక వచ్చినంక ఆయన చెయ్యి ఒక వంపు తిరిగింది. పైపు నీళ్ళు బొమ్మకు ఇటు పడ్డయ్, అటు పడ్డయ్, బొమ్మ మీద మాత్రం పడలే. దర్గాల దీపం పక్కకెంచి పోయేటామె కొంగు దగ్గరికి తీసుకుంటది చూడుండ్రి, గట్ల.

"ఏంది ఉస్తాద్, ఆడ తిప్పినవ్?"

"బొమ్మ తడుస్తది సాబ్."

"తడిస్తే?"

"మేస్త్రిది కద. మొక్కు."

నాకు మొదటిసారి పైపు కొట్టింది యాదికొచ్చింది. అప్పుడు కూడ పనోళ్ళు బొమ్మను వదిలేసే తడిపిన్రు. నేను కింద నిలబడి చూసిన, నాకు కూడ అది తప్పనిపించలే. అందరం మర్యాదస్తులమే. వానకే మొహమాటం లేదు.

ఉరుక్కుంట కిందికి పోయిన. "మేస్త్రీ, నిజం చెప్పు, బొమ్మ వెనక గోడకు పూత పడ్డదా?"

మేస్త్రి తడబడ్డడు. "లేదండీ... దాన్ని కదపొద్దని మా వాళ్ళకి నేనే చెప్పాను. ఆస్పత్రి తెరిచే రోజు బొమ్మ దించి, ఆ కాస్తా నేను పూసేస్తే, తర్వాత ఆయన లప్పం పెట్టుకుంటారని..."

మళ్ళ మీదికి ఉరికిన. "ఉస్తాద్, బొమ్మ దగ్గర లప్పం పెట్టినవా?"

"లేదు సాబ్. ముందుగాల గాయన పూత కావాలె కద. గాయన మొక్కు తీరి బొమ్మ దిగినంక పెడ్తమని వదిలిన. అడుగుతే బాధ పడ్తడని అడగలే."

రంగులోళ్ళు కూడ బొమ్మ చుట్టూతనే రంగేసి పోయిన్రు. అరచెయ్యంత జాగ, అంగీ కింద దాగి, ఎవ్వరి పనీ కాకుండ మిగిలింది. దాని నడుమ సలాక, బయటి కొస మీదికి, లోపలి కొస కిందికి. వాన నీళ్ళు దాని మీదికెంచి జారి గోడలకు పోకపోతే ఇంకేడికి పోతయ్!

"కొట్టు, బొమ్మ మీదనే కొట్టు" అన్న. ఉస్తాద్ నోట్ల ఏదో దువా అనుకుని, కండ్లు మూసుకుని పైపు బొమ్మ మీదికి తిప్పిండు. అంగీ తడిసి గోడకు అంటుకున్నది. కిందికెంచి ఒక కేక వచ్చింది.

"వచ్చింది!"

మేస్త్రి కాలు సంగతి మరిచి కిటికీల నుంచి సగం బయటికి వంగిండు, తల మీదికెత్తి. "ఉస్తాదూ, వచ్చిందయ్యా! ధారగా కారిపోతుంది! వచ్చేసింది!"

"ఆగయా క్యా? మంచిగ వచ్చిందా?"

"బ్రహ్మాండంగా వచ్చిందయ్యా!"

నా మొత్తం ఉద్యోగంల గోడ కురిసిందని గంతులేసిన మనుషులను వాళ్ళిద్దరినే చూసిన.

బొమ్మను దించేదానికి మేస్త్రి భార్యను పిలిచినం. మొక్కు ఆమెది. ఆమె చేతుల మాలు కడుక్కుని మెట్లెక్కి వచ్చింది, తడిసిన బొమ్మను చూసింది. "దాని పని అది చేసింది, దించెయ్యండి. గుమ్మడికాయ ఇవాళే కొడదాం" అన్నది. అంతే. మేం ఇన్ని దినాలు ఎవరి మొక్కుకు భయపడ్డమో, ఆమెకు అది ఒక్క మాట.

ఉస్తాద్ బొమ్మను విప్పి కిటికీల నుంచి లోపలికి అందించిండు. మేస్త్రి ఒక్కొక్క మెట్టు పట్టుకుని మీదికి వచ్చి దాన్ని ఒళ్ళోకి తీసుకున్నడు. తన పాత అంగీ కద, కాలరు సవరించబోయిండు. కాలరు కింద పచ్చ గుడ్డల కుట్టిన తాయెత్తు ఒకటి, నల్లదారంతోని బొమ్మ మెడకు కట్టి ఉన్నది.

"ఇదెవరు కట్టారు?" అన్నడు మేస్త్రి.

ఉస్తాద్ పలక మీద కూసుని పైపును చూసుకుంట అన్నడు, "దర్గా ఉర్సుకు పోయినప్పుడు తెచ్చిన."

"నాకు చెప్పలేదే?"

"నీకు కడ్తమంటే నువ్వు కట్టుకోవు. గందుకే బొమ్మకు కట్టిన. అంగీ నీదే కద, నీకు కట్టినట్టే."

మేస్త్రి తన భార్య వైపు చూసిండు. "అన్నయ్య గారు నన్ను అడిగే కట్టారు" అన్నది ఆమె, నవ్వు ఆపుకుంట. మేస్త్రి తాయెత్తును విప్పి చేతుల పట్టుకుని శానసేపు చూసిండు. "ఇలాంటివి నేను కట్టుకోనండీ, నాకు నమ్మకం లేదు" అని నాతోని అన్నడు. ఎవరడిగిన్రు ఆయనను? అట్ల అనుకుంటనే దాన్ని భద్రంగ జేబుల పెట్టుకున్నడు.

ఇంజనీరు సాబ్ వచ్చి "ఎవరిది తప్పు? పేరు చెప్పు" అన్నడు. నేను నిలబడి ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన గోడను చూసిండు, ఇద్దరినీ చూసిండు, మూలకు ఆనిచ్చిన బొమ్మ కోరమీసాలు చూసిండు. నవ్వు వస్తుంటే దగ్గినట్టు చేసిండు. "ఒకన్ని తీసేస్తనని మీదోళ్ళకు మాటిచ్చిన. ఆ మీసాలోన్ని తీసేసినమని చెప్త" అని పోయిండు. ఆయన మీద నాకున్న కోపమంత ఆ ఒక్క మాటతోని పోయింది.

సలాక గుంజేసినం. ఆ అరచెయ్యంత జాగ నేనే పూస్తనని మేస్త్రి పట్టు పట్టిండు. పడ్డంక ఆయన ఎత్తుల తాపీ పట్టుడు అదే మొదలు. కిటికీల మోకాళ్ళ మీద నిలబడి బయటికి వంగితే, ఉస్తాద్ వెనకకెంచి ఆయన నడుము రెండు చేతులతోని గట్టిగ పట్టుకున్నడు. "పట్టుకున్నావా?" అని ఈయన, "పట్టుకున్న, పట్టుకున్న, నువ్వు పని చూడు" అని ఆయన. పూత తడిపి ఆరబెట్టి, గట్టిపడినంక లప్పం వంతు వచ్చింది. అప్పుడు ఉస్తాద్ వంగిండు, మేస్త్రి నడుము పట్టుకున్నడు. అవసరం లేకుండె, ఉస్తాద్ కాళ్ళు మంచిగనే ఉన్నయ్. అయినా పట్టుకున్నడు.

పిల్లలారా, మీరు పెద్ద పెద్ద అద్దాల గోడలు కడుతున్నరు. మీ దగ్గర నలుగురు కాదు, నలభై తీర్ల పనోళ్ళుంటరు. కొట్లాటలు కనబడ్తయ్, తీర్చుకుంటరు. ఒకరికొకరు ఇచ్చే మర్యాద కనబడది. "ఆయన బాధ పడ్తడు, అడగొద్దు" అనుకున్న కాడ గోడకు చిల్లి పడ్తది. అడగండి. ప్రేమ ఉన్నోళ్ళనైతే ఇంక ముందుగాల అడగండి.

మళ్ళ వాన ఎప్పుడొస్తదా అని మేం మబ్బులు చూసుకుంట గడిపినం. ఒకనాడు మధ్యాహ్నం రుద్రారం దిక్కు నల్లగైంది. మేస్త్రి, ఉస్తాద్ ఏం మాట్లాడుకోకుండనే డబ్బలు పట్టుకుని ప్రసూతి గదికి నడిచిన్రు. కొత్తగ సున్నం వేసిన గోడకు వీపులు ఆనిచ్చి కూసున్నరు, మచ్చ ఉండిన జాగ కిందనే. నేను కూడ పోయి పక్కన కూసున్న. వాన కొట్టింది సూడుండ్రి, కిటికీ అద్దాలు దడదడలాడినయ్, బయట ఏం కనబడలే. ఉస్తాద్ డబ్బల ఖట్టీ దాల్, మేస్త్రి డబ్బల గోంగూర. ఎవ్వరికీ ముద్ద దిగుతలేదు. వీపుకు తడి తగులుతదా అని చూసుకుంట కూసున్నం.

వాన వెలిసింది. ఉస్తాద్ ముందు లేచిండు, తర్వాత చెయ్యిచ్చి మేస్త్రిని లేపిండు. ఇద్దరి వీపులకు తెల్లగ సున్నం పొడి. పొడే, తడి లేదు. మేస్త్రి ఉస్తాద్‌ను అటు తిప్పి వీపు దులిపిండు. తర్వాత ఉస్తాద్ మేస్త్రి వీపు దులపబట్టిండు. భుజం దులిపి రెట్ట మీదికి వచ్చిన చెయ్యి ఒక్క గడియ ఆగింది. అంగీ కింద, రెట్టకు కట్టిన తాయెత్తు చేతికి తగిలింది.

ఉస్తాద్, పొడి అంత రాలిపోయినంక కూడ ఇంకా దులుపుతనే ఉన్నడు.